వూచ్ నగరంలో కెమెరా పట్టుకుని తిరగడం: ఎక్కడ మొదలుపెట్టాలి?

విభాగం: పోలండ్‌లో మనవాళ్ళు / ఫోటోలు, షికార్లు

కృష్ణాతీరం (అక్టోబరు 19)

అందరికీ నమస్కారం. ఎండాకాలం చివర్లో ఉద్యోగం మీద హైదరాబాద్ నుంచి పోలండ్ వచ్చాను. వార్సా కాదు, క్రాకూవ్ కాదు, వూచ్. మ్యాప్ చూసి "లోడ్జ్" అంటే ఇక్కడ ఎవరికీ అర్థం కాదు, వూచ్ అనాలి.

ఆఫీసులో ఫోటోలు తీస్తానని చెప్పగానే "ఇక్కడేం తీస్తావు, రైలెక్కి క్రాకూవ్ వెళ్ళు" అన్నారు. వెళ్ళాను, బాగుంది. కానీ మనసు మళ్ళీ వూచ్ మీదికే పోతోంది. ప్యోత్ర్‌కోఫ్‌స్కా వీధిలో నడుస్తుంటే ఒక మేడ కొత్తగా రంగు వేసుకుని, శిల్పాలన్నీ కడిగినట్టు ఉంటుంది. దాని పక్క మేడ మసిబారి, పెచ్చులూడి ఉంటుంది. రెండింటికీ మధ్య బండి పట్టేంత చీకటి గుమ్మం. దాంట్లోంచి తొంగి చూస్తే లోపల ఇంకో లోకం: పెరడు, దాని వెనక ఇంకో పెరడు, ఒక చెట్టు, తివాచీలు దులపడానికి పాతిన ఇనప కమ్మీ, దాని మీద తలకిందులుగా వేలాడుతున్న పిల్లలు.

నేను ఇంతవరకూ తీసినవన్నీ వీధి ముఖాలే. చూసుకుంటే ఎవరి ఫోనులోనైనా ఉండే ఫోటోల్లా ఉన్నాయి. నా దగ్గర ఒక మిర్రర్‌లెస్, 35 లెన్సు, 50 లెన్సు ఉన్నాయి. అడగాలనుకున్నవి ఇవి. వీధి దాటితే ఎక్కడికి వెళ్ళాలి? ఆ పెరళ్ళలోకి వెళ్ళొచ్చా? ఆఫీసు అయ్యేసరికి అయిదవుతుంది, శీతాకాలంలో అప్పటికే చీకటంటున్నారు, మరి ఏం తీస్తారు?

నల్లరీలు (అక్టోబరు 19)

తమ్ముడూ, మంచి ఊళ్ళో పడ్డావు. నేను ఇక్కడే ఏళ్ళ తరబడి ఉన్నాను, ఇప్పటికీ ఫిలిం మీదే తీస్తాను.

ముందు ఆ పెరళ్ళు ఎందుకలా ఉన్నాయో తెలుసుకో, అప్పుడు ఎక్కడ నిలబడాలో నీకే తెలుస్తుంది. 1820లో ఈ ఊరిని పరిశ్రమల పట్టణంగా ప్రకటించారు. అప్పటికి ఇక్కడ వెయ్యిమంది కూడా లేరు. నేతగాళ్ళను పిలిచి స్థలాలు ఇచ్చారు. ఆ స్థలాలు వీధి వైపు ఇరుకు, వెనక్కి మాత్రం బాగా పొడవు. ముందు ఇల్లు, వెనక మగ్గాలు, తోట. తర్వాత ఆవిరి యంత్రాలు వచ్చాయి, ఊరు పెరిగింది, ముందున్న ఇల్లు మేడయింది, పక్కల రెండు వైపులా అద్దె వాటాలు లేచాయి, చివర్న కార్ఖానా. ఆ శతాబ్దం ముగిసేసరికి జనాభా మూడు లక్షలు దాటింది. పోలులు, జర్మన్లు, యూదులు, రష్యన్లు అందరూ ఒకే వీధిలో బతికారు. వీధి వైపు డబ్బున్నవాళ్ళు, పెరటి వైపు కూలివాళ్ళు. నువ్వు గుమ్మం దాటి లోపలికి వెళ్ళే కొద్దీ అద్దె తగ్గుతూ పోయేదన్నమాట.

ఇంకో సంగతి. రెండో ప్రపంచ యుద్ధంలో వార్సా నేలమట్టమైంది. వూచ్‌లో భవనాలు చాలావరకు నిలిచాయి. అక్కడ నువ్వు చూసే పాతబస్తీ యుద్ధం తర్వాత మళ్ళీ కట్టినది. ఇక్కడి మసి మాత్రం అసలు మసి.

ఇప్పుడు వెలుగు సంగతి. ప్యోత్ర్‌కోఫ్‌స్కా ఉత్తరం నుంచి దక్షిణానికి దాదాపు నాలుగు కిలోమీటర్లు తిన్నగా పోతుంది. సరిసంఖ్య ఇళ్ళు తూర్పు వైపు, బేసివి పడమర వైపు. అంటే మధ్యాహ్నం దాటాక ఎండ సరిసంఖ్య ఇళ్ళ ముఖాల మీద పడుతుంది. 86వ నంబరు చూడు, 1896 నాటిది, ఒక పత్రికాధిపతి కట్టించుకున్న మేడ, ముఖం మీద గూటెన్‌బర్గ్ విగ్రహం ఉంటుంది. శీతాకాలంలో సూర్యుడు పైకి లేవడు కాబట్టి ఎదుటి మేడల నీడ సగం దాకా ఎక్కేస్తుంది, పై అంతస్తులే వెలుగుతాయి. 35 పక్కన పెట్టి 50 పట్టుకుని పైకి చూడు. కింది అంతస్తు అంతా దుకాణాల బోర్డులేగా, దాంతో పనేముంది?

ఆ తర్వాత క్షెన్జి మ్విన్ వెళ్ళు. కార్ల్ షైబ్లర్ అనే మిల్లు యజమాని కట్టించిన ఊరు అది: నూలు మిల్లు, కూలీల ఇళ్ళు, బడి, ఆసుపత్రి, అగ్నిమాపక కేంద్రం, అన్నీ ఎర్ర ఇటుకే. ఇళ్ళ వరసల మధ్య రాళ్ళు పరిచిన దారి తిన్నగా మిల్లు గుమ్మానికి చేరుతుంది. పొద్దున్నే వెళితే ఆ దారికి ఒక పక్క ఇటుక నిప్పు రంగులో, రెండో పక్క దాదాపు నల్లగా కనిపిస్తుంది.

ఓరుగల్లు_వాడు (అక్టోబరు 20)

నేను వార్సాలో ఉంటాను, గంటన్నర లోపు ప్రయాణం, అందుకే తరచూ వస్తుంటాను. మా తాత వరంగల్ అజంజాహి మిల్లులో పనిచేశాడు. ఆ మిల్లు సైరన్‌ని బట్టే మా ఇంట్లో వంట, స్నానాలు అన్నీ నడిచేవని నాయనమ్మ చెప్పేది. ఇప్పుడు అక్కడ చూడ్డానికి ఏం మిగిలిందో ఓరుగల్లు వాళ్ళందరికీ తెలుసు. అందుకే మనుఫక్తూరాలో మొదటిసారి నిలబడ్డప్పుడు నాకు నోట మాట రాలేదు.

ఇజ్రాయెల్ పొజ్నాన్‌స్కి పత్తి మిల్లు అది. 1870ల్లో మొదలైంది. మూతపడ్డాక పడగొట్టకుండా బాగుచేసి 2006లో తెరిచారు, మొత్తం 27 హెక్టార్లు. దుకాణాలు, సినిమా హాళ్ళు, ఆధునిక కళల మ్యూజియం, నూలు వడికే శాలలో హోటలు. పక్కనే యజమాని భవంతి, ఇప్పుడది నగర మ్యూజియం. మిల్లు పక్కనే ఇల్లు కట్టుకున్నాడు, కిటికీలోంచి గేటు కనబడేలా. ఎదురుగా వీధి అవతల కూలీల వాటాలు. ఒక్క చోట నిలబడి తిరిగితే మూడూ కనిపిస్తాయి.

చాలా ఆదివారాలు పోలండ్‌లో పెద్ద దుకాణాలు తెరవకూడదని చట్టం ఉంది కదా, ఆ పొద్దున వెళ్ళండి. ఆవరణ తెరిచే ఉంటుంది, జనం ఉండరు, ఇటుక గోడ ఒక్కటే ఉంటుంది.

ఇక పెరళ్ళ సంగతి, నా మట్టుకు నేను లోపలికి వెళ్ళి తీయాల్సిందే అంటాను. ఆ ఊడిన పెచ్చులు, కింద బయటపడ్డ పాత జర్మన్ అక్షరాలు, తుప్పు మెట్లు, ఇంత అందం బాగుచేసిన మేడల్లో లేదు. రేపో మాపో అన్నీ మరమ్మతు చేసేస్తారు, ఈలోపే పట్టుకోవాలి.

బవూతి_అక్క (అక్టోబరు 20)

ఓరుగల్లు తమ్ముడూ, మిల్లు గురించి నువ్వు రాసింది చదివి కళ్ళు చెమర్చాయి. కానీ చివరి మాట దగ్గర నీతో ఏకీభవించను.

నేను వూచ్‌లోని బవూతి పేటలో, అలాంటి పాత మేడలోనే ఉంటాను. మా పెరట్లోకి కెమెరాలు వేసుకుని వస్తూనే ఉంటారు. మేం బట్టలు ఆరేసుకునే చోట, పక్కింటి పెద్దాయన తాగి కూర్చున్న చోట, పిల్లలు చెప్పుల్లేకుండా తిరిగే చోట నిలబడి క్లిక్కుమని కొట్టి, ఒక్క మాటైనా మాట్లాడకుండా వెళ్ళిపోతారు. తర్వాత ఇంటర్నెట్లో "శిథిల వూచ్" అని పెడతారు. శిథిలం అంటే మనుషులు వదిలేసిన చోటు. మేం ఇక్కడే వండుకుంటున్నాం, పిల్లల్ని బడికి పంపుతున్నాం. బొగ్గు పొయ్యి, మెట్ల మీద ఉమ్మడి మరుగుదొడ్డి ఉన్న ఇళ్ళు ఈ ఊళ్ళో ఇంకా ఉన్నాయి. వాటిలో ఉండేవాళ్ళకు ఆ తుప్పు అందంగా కనిపించదు. మరమ్మతు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తారు, మళ్ళీ ఇల్లు ఖాళీ చేయమంటారేమో అని టెన్షన్ కూడా పడతారు.

తీయొద్దని కాదు నేననేది. గుమ్మానికి తలుపూ, కోడ్ నొక్కే పెట్టే ఉంటే ఎవరి వెనకాలో దూరి వెళ్ళకండి. తెరిచి ఉంటే వెళ్ళండి, కెమెరా మెడలో కనబడేలా వేసుకోండి, దాచకండి. ఎవరు కనిపించినా ముందు "జెన్ డోబ్రి" అనండి. ఇక్కడ మెట్ల మీద ఎదురైనవాళ్ళకు నమస్కారం చెప్పకపోతే చాలా తప్పుగా చూస్తారు, అచ్చం మన పల్లెల్లోలాగే. ఆ తర్వాత "చి మోగె జ్రోబిచ్ జ్ద్యెంచె?" అని అడగండి, ఫోటో తీయొచ్చా అని. వద్దంటే "జెంకూయె" చెప్పి వెనక్కి రండి. సరే అంటే కాసేపు ఉండండి. పది నిమిషాలు మాట్లాడితే ఆ పెరడు గురించి ఏ పుస్తకంలోనూ లేనిది వినిపిస్తుంది.

చట్టం_చూడు (అక్టోబరు 21)

క్రాకూవ్ నుంచి. అక్క చెప్పింది మర్యాద, నేను చట్టం చెబుతాను, రెండూ ఒకే వైపు ఉన్నాయి.

1994 నాటి కాపీరైట్ చట్టం 81వ అధికరణ ప్రకారం మనిషి ముఖం గుర్తుపట్టేలా ఉన్న ఫోటోను ప్రచురించాలంటే అతని అనుమతి కావాలి. సోషల్ మీడియాలో పెట్టడం కూడా ప్రచురణే. మినహాయింపులు రెండు: ప్రముఖులు తమ బాధ్యతల్లో ఉన్నప్పుడు తీసినవి, ఇంకా సభ, వీధి దృశ్యం, ఉత్సవం లాంటి పెద్ద దృశ్యంలో మనిషి ఒక చిన్న భాగంగా మాత్రమే ఉన్నవి. ప్యోత్ర్‌కోఫ్‌స్కా మీద జనసందోహం తీస్తే ఇబ్బంది లేదు. పెరట్లో కూర్చున్న పెద్దాయన ముఖం నిండా తీసి పెడితే అది మినహాయింపు కాదు. పిల్లలైతే తల్లిదండ్రులను అడగాలి.

కుడ్యచిత్రాలు, విగ్రహాలు లాంటివి వీధిలో శాశ్వతంగా ఉన్నవైతే తీసి పెట్టుకోవచ్చు, గీసినవాళ్ళ పేరు రాయడం పద్ధతి.

కొత్తగా వచ్చినవాళ్ళు ఇది ముఖ్యంగా చూసుకోండి. 2025 నుంచి సైన్యానికి, కీలక వసతులకు సంబంధించిన కొన్ని చోట్ల ఫోటో నిషేధం బోర్డులు పెట్టారు. కెమెరా మీద అడ్డగీత బొమ్మ ఉంటుంది. ఆ బోర్డు ఉన్న చోట వంతెనైనా సరే, రైలు కట్టడమైనా సరే, ఫోను కూడా పైకెత్తకండి. జరిమానా పడొచ్చు, పరికరం కూడా పోవచ్చు. రెసిడెన్స్ కార్డు కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు ఇలాంటి తలనొప్పి తెచ్చుకోకూడదు.

ఓరుగల్లు_వాడు (అక్టోబరు 21)

అక్కా, నువ్వన్నది ఆలోచించాను. గోడల మీద నా ప్రేమ గోడలది, అందులో మార్పు లేదు. కానీ ఆ గోడ లోపల ఉన్నవాళ్ళను అడగకుండా దాన్ని నాది చేసుకోకూడదన్న మాట ఒప్పుకుంటాను. అజంజాహి కూలీల ఇళ్ళ మీద ఎవరైనా అలా వచ్చి తీసుకుపోతే మా తాత ఊరుకునేవాడు కాదు.

కృష్ణాతీరం (అక్టోబరు 26)

మీ అందరి మాటా పట్టుకుని ఈ వారాంతం బయల్దేరాను. కొన్ని పెడుతున్నాను.

[ఫోటో 1: క్షెన్జి మ్విన్, పొద్దున ఎనిమిది దాటాక. ఎర్ర ఇటుక వాటా, మెట్ల గుమ్మం దగ్గర ఒక పిల్లి.]

నల్లరీలు అన్నా, ఒక పక్క నిప్పు, ఒక పక్క నలుపు అన్నారే, కళ్ళారా చూశాను. ఇటుకల మధ్య సున్నం చోటచోట రాలిపోయింది. దగ్గరికి వెళితే ఒక్కో ఇటుక ఒక్కో రంగు: ఒకటి కాలిన బెల్లం, ఒకటి ఊదా, ఒకటి దాదాపు నీలం. దూరం నుంచి అన్నీ కలిసి ఎరుపు అనిపిస్తాయి.

[ఫోటో 2: పసాజ్ రూజి. గోడ నిండా అద్దం ముక్కలు, అందులో ముక్కలైన ఆకాశం.]

ప్యోత్ర్‌కోఫ్‌స్కా 3వ నంబరు గుమ్మంలోంచి వెళితే ఇది. గోడలన్నీ చిన్న చిన్న అద్దం ముక్కలతో కప్పేశారు. యొహన్నా రైకోఫ్‌స్కా అనే కళాకారిణి చేయించారు. ఆమె కూతురికి పసితనంలో కంటి కాన్సర్ వచ్చిందట, ఆ పాప పేరే దీనికి పెట్టారు. లోపల నిలబడితే మన బొమ్మ ఎక్కడా పూర్తిగా కనబడదు, ఒక చోట భుజం, ఒక చోట చెవి. నా బొమ్మ రాకుండా తీయడం ఎలాగో ఇంకా అందలేదు.

[ఫోటో 3: ఒక పెరడు. ఇనప కమ్మీ మీద ఎర్ర తివాచీ, పక్కన వెదురు దులుపుడు కర్రతో నిలబడ్డ పెద్దావిడ, నడుము నుంచి కిందికి మాత్రమే.]

ఇది అడిగి తీసిందే. గుమ్మం తెరిచి ఉంది, వెళ్ళాను. ఆవిడ తివాచీ దులుపుతోంది. నమస్కారం చెప్పి, అక్క నేర్పిన వాక్యం అన్నాను. నా ఉచ్చారణ విని నవ్వింది. ముఖం వద్దంది, చేతులు, తివాచీ తీసుకో అంది. తర్వాత తనే మాటల్లో పడింది. నాకు వచ్చిన కొద్దిపాటి పోలిష్‌తో అర్థమైందేమిటంటే, ఈవిడా, వాళ్ళమ్మా ఇద్దరూ మిల్లుల్లోనే పనిచేశారు. 1990ల మొదట్లో మిల్లులు వరసగా మూతపడ్డప్పుడు ఈవిడ ఉద్యోగం పోయింది. "మా వీధిలో ఆ ఏడాది మధ్యాహ్నం పూట కూడా ఆడవాళ్ళంతా ఇళ్ళలోనే ఉన్నారు" అంది. తివాచీ వాళ్ళమ్మదట. ఫోటో ఇస్తావా అని అడిగింది, ఇస్తానని మాటిచ్చాను.

ఓద్రా_గట్టు (అక్టోబరు 27)

ఫోటో 3 చాలా బాగుంది అన్నా. నేను వ్రొత్స్వాఫ్‌లో చదువుకుంటున్నాను. ఇక్కడ వీధి వీధికీ మరుగుజ్జు కంచు బొమ్మలు, సాయంత్రం కేథడ్రల్ దీవిలో నల్ల అంగీ వేసుకుని గ్యాస్ దీపాలు వెలిగించే ఆయన, అన్నీ చేతికి అందేలా ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్ళంతా అవే తీస్తాం. మీరు ఆవిడతో మాట్లాడి తీసినట్టు నేను ఈ ఊళ్ళో ఒక్కటీ తీయలేదని ఇది చదివాకే అనిపించింది. 1945 దాకా ఇది జర్మన్ల బ్రెస్లావ్. వాళ్ళు వెళ్ళిపోయాక తూర్పు నుంచి, ల్వూఫ్ లాంటి చోట్ల నుంచి వచ్చినవాళ్ళు ఈ ఇళ్ళలో దిగారు. మా ఇంటి ఓనరు నాయనమ్మా అలా వచ్చినావిడేనట. ముందు ఆయన్నే అడుగుతాను.

బవూతి_అక్క (అక్టోబరు 28)

తమ్ముడూ, ఆవిడకు ఫోటో ఇవ్వడం మాత్రం మర్చిపోకు.

నువ్వు ఎలాగూ మా వైపు వస్తావు కాబట్టి ముందే చెబుతున్నాను. బవూతిలో నడిచేటప్పుడు కాలిబాట మీద అక్కడక్కడా పొదిగిన గుర్తులు కనిపిస్తాయి: లిట్జ్‌మన్‌స్టట్ గెట్టో, 1940–1944. ఆక్రమించిన జర్మన్లు ఊరికి పెట్టిన పేరు లిట్జ్‌మన్‌స్టట్. గెట్టో అంటే యూదులను నిర్బంధించిన పేట. 1940 ఏప్రిల్ 30న ఎవరూ బయటికి పోకుండా దాన్ని మూసేశారు, అప్పటికి లోపల లక్షా అరవై వేల మంది యూదులు. తర్వాత పశ్చిమ ఐరోపా నుంచి కూడా తెచ్చి కుక్కారు, మొత్తం రెండు లక్షలు దాటారు. ఆకలితో, జబ్బులతో ఇక్కడే చచ్చిపోయినవాళ్ళు నలభై వేల పైమాటే. మిగతావాళ్ళలో ఎక్కువమందిని హెల్మ్నో, ఆష్‌విట్జ్ మరణ శిబిరాలకు రైళ్ళలో పంపి చంపేశారు. 1944 ఆగస్టులో గెట్టోను ఖాళీ చేసేశారు.

నేను రోజూ ట్రామ్ ఎక్కే జ్గెర్‌స్కా వీధి గెట్టోను చీల్చుకుంటూ పోయేది. వీధి మాత్రం గెట్టోలోది కాదు, ట్రాములు బయటివాళ్ళ కోసం నడిచేవి. అందుకని ఇటు నుంచి అటు వెళ్ళడానికి చెక్క వంతెనలు కట్టారు. కొస్చెల్ని కూడలి దగ్గర రెండు బురుజుల ఎర్ర చర్చి ఇప్పటికీ ఉంది, దాని పక్కనే ఒక వంతెన ఉండేది. పాత ఫోటోల్లో మెట్ల నిండా జనం, కింద ఖాళీగా ట్రామ్ దారి. నేను టికెట్ మెషిన్ దగ్గర నిలబడే చోటు ఆ ఫోటోలో ఉంది.

ఆ రైళ్ళు బయల్దేరిన రాదెగాస్ట్ స్టేషన్‌కి కూడా వెళ్ళు. ఆ చెక్క స్టేషన్ ఇప్పుడు స్మారకం. పట్టాల మీద పాత పెట్టెలు, పొడుగాటి సొరంగంలో పంపినవాళ్ళ జాబితాలు.

నల్లరీలు (అక్టోబరు 28)

అక్క చెప్పిన పాత ఫోటోల సంగతి కెమెరా పట్టుకున్న ప్రతివాడూ తెలుసుకోవాలి. ఆ వీధులను ముగ్గురు తీశారు.

హెన్రిక్ రాస్, మెండెల్ గ్రోస్‌మన్ ఇద్దరూ యూదులే, గెట్టో లోపలివాళ్ళే. గెట్టో పరిపాలనలో గణాంకాల విభాగానికి గుర్తింపు కార్డుల ఫోటోలు, కార్ఖానాల ఫోటోలు తీయడం వాళ్ళ పని. ఆ పని కోసం చేతికి వచ్చిన ఫిలింతోనే, ప్రాణాలకు తెగించి, అంగీ లోపల కెమెరా దాచుకుని, తీయకూడనివన్నీ తీశారు. రాదెగాస్ట్‌లో రైళ్ళు ఎక్కించడాన్ని రాస్ ఒక గోదాములో దాక్కుని, చెక్క సందులోంచి తీశాడు. 1944లో నెగటివ్‌లను పెట్టెలో పెట్టి పాతిపెట్టాడు. బతికి బయటపడి, విముక్తి తర్వాత తవ్వి తీశాడు. చాలావాటిని నీరు తినేసింది. మిగిలినవాటి అంచుల్లో ఆ తడి మరకలు ఇప్పటికీ కనిపిస్తాయి. 1961లో నాజీ అధికారి ఐక్‌మన్ విచారణలో రాస్ సాక్ష్యం చెప్పాడు. గ్రోస్‌మన్ మాత్రం 1945లో, యుద్ధం ముగుస్తుండగా, ఖైదీలను నడిపించుకుపోతున్న దారిలో చనిపోయాడు.

మూడోవాడు వాల్టర్ గెనెవైన్, గెట్టోను నడిపిన జర్మన్ కార్యాలయంలో ముఖ్య అకౌంటెంట్. కలర్ స్లైడ్లు తీశాడు. 1987లో వియన్నాలో బయటపడ్డాయి. కంపోజిషన్ శుభ్రంగా ఉంటుంది, వెలుగు సరిపోయింది, అన్నీ వరసగా సర్ది ఉంటాయి. ఫిలిం కంపెనీకి ఉత్తరం కూడా రాశాడు, స్లైడ్లలో ఎరుపు ఛాయ వస్తోందని. వాడి చుట్టూ మనుషులు ఆకలితో పడిపోతున్నారు, వాడి బాధ రంగు గురించి.

నేను ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని చూశాను. సాంకేతికంగా గెనెవైన్‌వే ఎక్కువ. రాస్‌వి కొన్ని ఫోకస్ తప్పాయి, వంకరగా ఉన్నాయి. కానీ రాస్ ఫోటోలో మనిషి మనిషిలా ఉంటాడు. పెళ్ళి జరుగుతుంది, పిల్లలు ఆడుకుంటారు, ఒక తల్లి బిడ్డను ముద్దు పెట్టుకుంటుంది. గెనెవైన్ ఫోటోలో వాళ్ళే వరసలో నిలబెట్టిన సరుకులా ఉంటారు. అందుకే అక్క పెరడు గురించి అన్న మాటను నేను మర్యాదకు మించిన సంగతిగా చూస్తాను. నువ్వు ఎవరి వైపు నిలబడి తీస్తున్నావో ఫోటోలో తెలిసిపోతుంది.

కృష్ణాతీరం (అక్టోబరు 29)

అన్నా, ఇది చదివాక రాదెగాస్ట్‌కి కెమెరా తీసుకెళ్ళాలా వద్దా అని ఆగిపోయాను.

బవూతి_అక్క (అక్టోబరు 29)

తీసుకెళ్ళు. తీయడమే తప్పైతే రాస్ అంత కష్టపడి పాతిపెట్టేవాడా? ముందు కెమెరా సంచిలోనే ఉంచి సొరంగం చివరిదాకా నడువు, పేర్లు చదువు. తర్వాత నీకు ఏది తీయాలనిపిస్తే అది తియ్యి. పెట్టెల ముందు నవ్వుతూ సెల్ఫీలు దిగేవాళ్ళను చూశాను, అది మాత్రం నావల్ల కాలేదు, అక్కడే చెప్పేశాను.

బ్రాత్స్కా వీధిలో యూదుల శ్మశానం కూడా ఉంది, ఐరోపాలో పెద్దవాటిలో ఒకటి. గెట్టోలో చనిపోయినవాళ్ళ భాగం ఒక పక్క గడ్డిమైదానంలా, పొజ్నాన్‌స్కి సమాధి మందిరం ఇంకోపక్క భవనమంత ఎత్తున ఉంటాయి. మగవాళ్ళు తల కప్పుకోవాలి. శనివారం మూసి ఉంటుంది.

హైదరాబాద్_లెన్స్ (అక్టోబరు 30)

నేను జనవరిలో వూచ్ యూనివర్సిటీలో చేరుతున్నాను. కెమెరా చలికి పాడవుతుందా? మైనస్‌లో పనిచేస్తుందా?

నల్లరీలు (అక్టోబరు 30)

రా తమ్ముడూ. కెమెరాకు ఏం కాదు, బ్యాటరీ మాత్రం సగంలో చేతులెత్తేస్తుంది. ఇంకోటి లోపలి జేబులో, ఒంటికి ఆనేలా పెట్టుకో, మార్చి మార్చి వాడు. అసలు గండం లోపలికి వచ్చేటప్పుడు. చలిలోంచి వెచ్చటి గదిలోకి తేగానే లెన్సు మీద, లోపల కూడా చెమ్మ పట్టేస్తుంది. బయటే జిప్ ఉన్న సంచిలో పెట్టి గట్టిగా మూసి, ఇంట్లోకి తెచ్చి గంటసేపు తెరవకు. మంచులో కెమెరా వెలుగు మీటర్ చెప్పింది నమ్మితే మంచు బూడిద రంగులో వస్తుంది, ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచు. వేళ్ళ కొసలు తెరుచుకునే చేతిజోడు కొనుక్కో, ఇక్కడే దొరుకుతాయి, అక్కడినుంచి మోసుకురావద్దు.

కృష్ణాతీరం మొదట్లో అడిగిన ప్రశ్నకు కూడా ఇదే సమయం. డిసెంబరులో మూడున్నరకే పొద్దు గుంకుతుంది. ఆఫీసు అయ్యాక పగటి వెలుగు మీద ఆశ వదులుకో, చీకటినే తియ్యి. ప్యోత్ర్‌కోఫ్‌స్కాను దాటే పెద్ద రోడ్డు మీద రంగుల గాజు పైకప్పున్న ట్రామ్ స్టాపు ఉంది, ఊరంతా ఏకశృంగాల గుర్రపుశాల అంటారు. వాన పడ్డ సాయంత్రం ఆ రంగులన్నీ పట్టాల మీద, తడి రాళ్ళ మీద పారతాయి. కింద కూర్చుని తియ్యి. పొగమంచు, బొగ్గు పొగ కలిసిన రాత్రులు వీధి దీపాల చుట్టూ పెద్ద పెద్ద వలయాలు వస్తాయి. ఫోటోకి బాగుంటుంది, ఊపిరితిత్తులకు బాగుండదు, గాలి నాణ్యత చూసుకుని మాస్కు వేసుకో.

అన్నిటికంటే ముందు నవంబరు 1, ఇక్కడ చనిపోయినవాళ్ళను తలచుకునే రోజు. ఆ సాయంత్రం ఎక్కడికీ పోకుండా ఒగ్రోదోవా వీధిలో పాత శ్మశానానికి వెళ్ళు. కాథలిక్, ఎవాంజెలికల్, ఆర్థడాక్స్ మూడూ పక్కపక్కనే. ప్రతి కుటుంబం వచ్చి తమవాళ్ళ సమాధి కడిగి దీపాలు పెడుతుంది. ఫ్లాష్ వద్దు, త్రిపాది వద్దు, దారికి అడ్డం.

కృష్ణాతీరం (నవంబరు 3)

[ఫోటో 4: పాత శ్మశానం. షైబ్లర్ కుటుంబం మందిరం నల్లటి ఆకారం, దాని ముందు ఎర్ర, పసుపు గాజు దీపాల వరస.]

[ఫోటో 5: ఒక చిన్నపాప రెండు చేతులతో దీపం పట్టుకుని ఉంది. ముఖం లేదు, చేతులు, గాజులోంచి పడ్డ ఎర్రటి వెలుగు మాత్రమే. వాళ్ళ నాన్నను అడిగాను.]

మనకు కార్తీక దీపాలు ఎలాగో తెలుసుగా, నాకు ఇంట్లో ఉన్నట్టే అనిపించింది. కానీ ఇక్కడ ఒకటి కొత్తగా చూశాను. ఎవరూ రాని పాత సమాధుల మీద కూడా దీపాలున్నాయి. జర్మన్ పేర్లు చెక్కిన రాళ్ళు, ఆ కుటుంబాలు 1945లోనే వెళ్ళిపోయి ఉంటాయి. ఎవరు పెట్టారని దీపాలమ్మే ఆవిడను అడిగితే, సంచిలో ఒకటి ఎక్కువ తెచ్చుకుని ఎవరూ లేనివాళ్ళకు పెట్టడం చాలామందికి అలవాటేనంది. నేనూ ఒకటి కొని పెట్టాను, ఆ రాయి ఫోటో తీయలేదు.

నిన్న తివాచీ ఆవిడకు ప్రింటు తీసుకెళ్ళాను. మ్యాట్ కాగితం మీద వేయించాను, వెనకాల తేదీ, వీధి పేరు రాశాను. చాలాసేపు చూసి, "చేతులు మా అమ్మవిలాగే ఉన్నాయి" అంది. టీ పెట్టింది. అల్మరాలోంచి ఒక చిన్న ఫోటో తీసింది, మిల్లులో మగ్గాల మధ్య వాళ్ళమ్మ, తలకు గుడ్డ కట్టుకుని. దాన్ని కాపీ తీసి పెద్దది చేసి ఇవ్వగలవా అంది. అంచులు చిట్లిపోయాయి, మధ్యలో మడత ఉంది. స్కానర్ ఎవరి దగ్గరైనా ఉందా? దుకాణంలో ఇవ్వడానికి ఆవిడ ఒప్పుకోవడం లేదు, నేను కూడా దాన్ని ఆ ఇంటి నుంచి బయటికి తేవాలనుకోవడం లేదు.

ఓరుగల్లు_వాడు (నవంబరు 3)

నా దగ్గర చిన్న ఫ్లాట్‌బెడ్ స్కానర్ ఉంది, సంచిలో పడుతుంది, ల్యాప్‌టాప్‌కి పెడితే చాలు. వచ్చే శనివారం వస్తాను, ఆవిడను అడిగి చెప్పు. 1200 డీపీఐలో చేద్దాం. మడత గీత నేను సరిచేస్తాను, కానీ వాళ్ళమ్మ ముఖం జోలికి పోను, ఉన్నది ఉన్నట్టే ఉంచుదాం. మగ్గం మీద యంత్రం పేరు కనబడితే గెయర్ తెల్ల ఫ్యాక్టరీలోని వస్త్ర మ్యూజియంలో చూపిద్దాం, ఏ కాలం మగ్గమో చెప్పగలరేమో.

బవూతి_అక్క (నవంబరు 4)

శనివారం నేనూ వస్తాను. మీ ఇద్దరి పోలిష్‌తో ఆవిడ చెప్పేదాంట్లో సగం పోతుంది, నేను పక్కన కూర్చుని రాసుకుంటాను. ఎన్ని గంటలకో ఆవిడనే చెప్పమనండి, మధ్యాహ్నం భోజనం వేళ అయితే వద్దు, వండిపెట్టే దాకా వదలరు. ఉత్త చేతులతో వెళ్ళకూడదు, పూలు తెస్తే బేసి సంఖ్యలో తేవాలి, సరిసంఖ్య శ్మశానానికి. నల్లరీలు గారూ, మీరు రండి, ఆవిడ ఒప్పుకుంటే ఫిలిం మీద ఒకటి తీద్దురుగాని.

నల్లరీలు (నవంబరు 4)

వస్తాను. కిటికీ ఏ వైపు ఉందో చెప్పు తమ్ముడూ, దాన్ని బట్టి రీలు వేసుకొస్తాను.

కృష్ణాతీరం (నవంబరు 5)

అడిగాను, పదకొండింటికి రమ్మంది. కిటికీ పెరటి వైపు, తూర్పు ముఖం, రెండో అంతస్తు. ఎదురు గోడ దగ్గరగా ఉంది కాబట్టి వెలుగు తక్కువే, 400 ఫిలిం తెండి. గుమ్మం కోడ్ ఇక్కడ రాయను, మీ ముగ్గురికీ విడిగా పంపుతాను.